ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి ఎక్కడ పెట్టాలన్నది ఇంకా కంటితోనే ఎందుకు తేలుస్తారు?

మీరు అడిగింది ఇదీ: "ఈ మధ్యే ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్‌లో పెద్ద లీగ్) చూడడం మొదలుపెట్టాను. బంతిలో చిప్ ఉందంటారు, స్టేడియం నిండా కెమెరాలే. అయినా పక్క నుంచి ఒకాయన పరిగెత్తుకొచ్చి కాలు పెడతాడు, అక్కడ బంతి పెడతారు. ఆ తర్వాత అంగుళాల్లో కొలుస్తారు. ఇది కామెడీ కాదా? క్రికెట్‌లో, టెన్నిస్‌లో పనికొచ్చే హాక్-ఐ ఇక్కడెందుకు పనికిరాదు?"

కామెడీగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. ఆ పరిగెత్తుకొచ్చే వాళ్లలో నేనూ ఒకడిని. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కాదు లెండి, డాలస్ చుట్టుపక్కల హైస్కూల్ పిల్లల మ్యాచ్‌లలో. పగలంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సీజన్ వస్తే సాయంత్రాలు చారల చొక్కా. పదకొండేళ్లయింది. నా పొజిషన్ లైన్ జడ్జ్. అంటే సైడ్‌లైన్ దగ్గర నిలబడి, ఆటగాడు ఎక్కడ ఆగాడో అక్కడికి వెళ్లి కాలు పెట్టేవాడిని. కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కొత్తగా చూసేవాళ్ల కోసం ముందు ఒక్క ముక్క. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు అవకాశాలు (ఒక్కోదాన్ని డౌన్ అంటారు), ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు, దాన్నే ఫస్ట్ డౌన్ వచ్చిందంటారు; లేకపోతే బంతి అవతలి వాళ్లకి. గజం అంటే మనం ప్లాట్లు కొనే గజమే, 36 అంగుళాలు. మైదానం గోల్ లైన్ నుంచి గోల్ లైన్‌కి 100 గజాలు, వెడల్పు 160 అడుగులు.

ఇక అసలు విషయం. మీ ప్రశ్నలో రెండు పనులు కలిసిపోయాయి. బంతిని పెట్టడం ఒకటి, పెట్టిన బంతి నుంచి కొలవడం ఇంకొకటి. ఊళ్లో పొలం తగాదా చూసిన వాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. సర్వేయర్ వస్తాడు, గొలుసు లాగుతాడు, కొలత పక్కాగా వస్తుంది. గొడవ ఎప్పుడూ గొలుసు మీద రాదు, హద్దు రాయి ఎక్కడుందన్న దాని మీద వస్తుంది. రాయి అరగజం జరిగి ఉంటే ఎంత మంచి గొలుసు తెచ్చినా ఆ అరగజం కూడా కలిసే కొలతలోకి వస్తుంది. ఫుట్‌బాల్‌లో గొలుసూ ఉంది, రాయీ ఉంది. మీరు నవ్వుతున్నది గొలుసుని చూసి. నాకు నిద్రపట్టనివ్వనిది రాయి.

గొలుసు సంగతి త్వరగా ముగిస్తాను. సైడ్‌లైన్ దగ్గర రెండు కర్రలు, మధ్యలో 10 గజాల గొలుసు. అది మైదానం పక్కన ఉంటుంది, బంతేమో మధ్యలో. మరి గొలుసుని అక్కడి నుంచి మధ్యలోకి తీసుకొస్తే జరిగిపోదా అని మా ఆవిడ కూడా అడిగింది. దానికే గొలుసుకి ఒక చిన్న క్లిప్ పెడతారు, 5 గజాలకొకసారి ఉండే గీతల్లో ఒకదాని మీద గొలుసు పడే చోట. మధ్యలోకి తెచ్చినప్పుడు ఆ క్లిప్‌ని అదే గీత మీద పెట్టి, గొలుసు బిగించి లాగుతారు. గీత కదలదు కాబట్టి గొలుసూ సరైన చోటే పడుతుంది. మంచి ఉపాయం. దాన్ని కనిపెట్టినవాడికి దండం పెట్టాలి.

2025 సీజన్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఈ కొలిచే పని ప్రధానంగా హాక్-ఐకి ఇచ్చేశారు. స్టేడియానికి ఆరు 8కె కెమెరాలు, మొత్తం 30 స్టేడియాల్లో. అరనిమిషంలో కొలత వచ్చేస్తుంది, గొలుసుతో పోలిస్తే 40 సెకన్ల వరకు ఆదా అని లీగ్ చెప్పింది. గొలుసు మనుషులు మాత్రం ఇంటికి పోలేదు. సిస్టమ్ పనిచేయకపోతే అక్కరకొస్తారని అక్కడే ఉంచారు. కానీ జాగ్రత్తగా చూడండి: ఆ కెమెరాలు కొలుస్తున్నది అధికారి నేల మీద పెట్టిన బంతిని. పెట్టడం మాత్రం పాత పద్ధతే. చాలామంది "హాక్-ఐ వచ్చేసింది, ఇక స్పాట్ (బంతి పెట్టే చోటు) తప్పులు ఉండవు" అనుకున్నారు. మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే తక్కువ తప్పులున్న భాగాన్ని బాగుచేశారన్నది నా అభిప్రాయం. సమయం ఆదా అయింది, సంతోషం. న్యాయం ఆ మేరకు పెరిగిందా అంటే నేను ఔననను.

2017 డిసెంబర్ 17న ఓక్లాండ్‌లో రైడర్స్, కౌబాయ్స్ మ్యాచ్ గుర్తుందా? మా డాలస్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నాలుగో క్వార్టర్‌లో, నాలుగో డౌన్‌లో కౌబాయ్స్ (మా డాలస్ జట్టు) క్వార్టర్‌బ్యాక్, అంటే జట్టు దాడిని నడిపేవాడు, డాక్ ప్రెస్కాట్ బంతితో ముందుకు దూరాడు. గొలుసు తెచ్చారు. బంతి కొన కర్రకి తగిలిందో లేదో తెలియడం లేదు. రిఫరీ జీన్ స్టెరటోర్ జేబులోంచి కార్డు తీసి, మడిచి, బంతికీ కర్రకీ మధ్య దూర్చి చూశాడు. ఫస్ట్ డౌన్ ఇచ్చాడు. కౌబాయ్స్ 20-17తో గెలిచారు. దేశమంతా నవ్వుకుంది. అక్కడ నాకు నవ్వు తెప్పించింది కార్డు కాదు. ఆటగాళ్ల గుట్ట కింద నుంచి బంతి తీసి, ఇద్దరు మనుషులు అంచనాగా చూపించిన చోట పెట్టి, ఆ తర్వాత కాగితం మందంతో ఫలితం తేల్చడం.

సరే, పెట్టడంలో కష్టం ఏమిటి?

క్రికెట్‌లో రనౌట్ తీసుకోండి. థర్డ్ అంపైర్‌కి రెండు విషయాలు తెలియాలి: బెయిల్ ఎప్పుడు లేచింది, ఆ క్షణంలో బ్యాట్ ఎక్కడ ఉంది. 'ఎప్పుడు' అన్నది లైటు వెలిగే బెయిల్స్ చెప్పేస్తాయి. 'ఎక్కడ' అన్నది చూడడానికి క్రీజు గీత ఉంది, దానికి సరిగ్గా ఎదురుగా కెమెరా ఉంది. టెన్నిస్‌లో బంతి నేలను తాకిన చోటే సమాధానం. ఫుట్‌బాల్‌లో బంతి ఎక్కడ ఉందన్న ప్రశ్నకు జవాబు ఉంది, ఏ క్షణంలో ఉన్న చోటు అన్నదానికే జవాబు లేదు. మోకాలు నేలకు తాకిన క్షణం, లేదా మోచేయి, లేదా వీపు. బంతి పట్టుకున్నవాడిని పడనివ్వకుండా నిలబెట్టి వెనక్కి నెట్టేస్తే, అతను ముందుకు వెళ్లడం ఆగిపోయిన క్షణం. క్వార్టర్‌బ్యాక్ దెబ్బలు తప్పించుకోవడానికి కాళ్లు ముందుపెట్టి జారితే, శరీరం మొదట నేలకు తాకిన క్షణం. సైడ్‌లైన్ తొక్కితే, తొక్కినప్పుడు బంతి ఉన్న చోటు. ఆ క్షణాల్లో ఏ ఒక్కదానికీ వెలిగే లైటు లేదు.

బంతిలో చిప్ ఉన్న మాట నిజమే. 2017 నుంచి అన్ని మ్యాచ్‌ల బంతుల్లోనూ ఉంది, ఆటగాళ్ల భుజాల ప్యాడ్లలో అంతకంటే ముందు నుంచే ఉన్నాయి. మీరు టీవీలో చూసే స్పీడు లెక్కలు అక్కడివే. కానీ ఆ చిప్ చెప్పే చోటులో అంగుళాల తేడా ఉంటుంది. వేగం చెప్పడానికి అది ఏ లోటూ కాదు, అరంగుళం తేడాతో ఫస్ట్ డౌన్ ఇవ్వడానికి మాత్రం చాలదు. ఇంకో ఇబ్బంది, చిప్ ఉండేది బంతి లోపల, నియమం అడిగేది బంతి ముందు కొనని. బంతి ఎటు తిరిగి ఉందో తెలియకుండా కొన తెలియదు. ఇవన్నీ ఎప్పటికో బాగుచేయొచ్చు అనుకుందాం. అప్పుడు కూడా మోకాలి సంగతి చిప్‌కి తెలియదు.

వీడియో ఆపి చూస్తే సరిపోతుందిగా అంటారా? ఒక లెక్క చేద్దాం. గంటకు 20 మైళ్లతో పరిగెత్తేవాడు సెకనుకు 29 అడుగులు వెళ్తాడు. సెకనుకు 60 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య దాదాపు 6 అంగుళాలు. ఒక ఫ్రేములో మోకాలు గాల్లో, తర్వాతి దాంట్లో నేల మీద. మధ్యలో అరడుగు ఎవరిది? దానికి తోడు కెమెరా కోణం. బంతి చంకలో ఉంటుంది, అంటే నేలకి మూడు నాలుగడుగుల ఎత్తులో. గీత నేల మీద ఉంటుంది. కెమెరా ఆ గీతకి సరిగ్గా ఎదురుగా లేకపోతే ఎత్తులో ఉన్న బంతి ముందుకో వెనక్కో జరిగినట్టు కనిపిస్తుంది. ఇంట్లో సోఫాలో కూర్చుని "స్పష్టంగా దాటేశాడు" అని అరిచేవాళ్లలో సగం మంది అరిచేది ఈ కోణాన్ని నమ్మే. గోల్ లైన్ దగ్గర ఈ బాధ తక్కువ. అక్కడ గీత కదలదు, దాని కొసల్లో నిలబెట్టే పైలాన్ అనే గుర్తుల్లో కూడా కెమెరాలు పెడుతున్నారు, పైగా బంతి ఆ గీత పై గాలిని తాకితే చాలు. మైదానం మధ్యలో చేరాల్సిన గీత ప్రతి ఫస్ట్ డౌన్‌కీ మారుతుంది కాబట్టి ముందే అక్కడ కెమెరా పాతిపెట్టడం కుదరదు.

(టీవీలో పసుపు గీత కనిపిస్తుంది కదా, అది 1998లో వచ్చింది. మైదానంలో ఉన్న మాకు ఆ గీత కనిపించదు, దానికి అధికారిక విలువా లేదు. మా బావమరిది మొదటిసారి స్టేడియానికి వచ్చి ఆ గీత కోసం వెతుక్కున్నాడు.)

ఇప్పుడు మా పని. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఏడుగురు అధికారులు. స్పాట్ ప్రధానంగా రెండు సైడ్‌లైన్ల దగ్గరా ఉండే లైన్ జడ్జ్, డౌన్ జడ్జ్ చూపిస్తారు. డౌన్ జడ్జ్‌ని 2017 దాకా హెడ్ లైన్స్‌మన్ అనేవారు. ఆ పొజిషన్‌లోనే సారా థామస్ 2021లో సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) చేసింది, అప్పటిదాకా ఆ మ్యాచ్ చేసిన మహిళ లేదు. ఆటగాడు ఆగగానే ఈ ఇద్దరూ రెండు వైపుల నుంచీ లోపలికి వస్తారు. ఇద్దరి కాళ్లూ ఒకే గీతలో ఉంటే పేచీ లేదు. బంతి ఎక్కడో గుట్ట కింద ఉంటుంది, దాంతో మాకు పని లేదు. కొత్తవాళ్లకి ఇది విడ్డూరంగా అనిపిస్తుంది. అందరూ లేచేసరికి బంతి రెండు గజాలు ముందుకో వెనక్కో పాకి ఉంటుంది, ఆటగాళ్లు ఆ విద్యలో ఆరితేరినవాళ్లు. అందుకే స్పాట్ కాలిది, బంతిది కాదు. బంతిని తెచ్చి కాలి ఎదురుగా పెడతారు.

ఈ కాలు పెట్టడంలో ఎంత తేడా రావచ్చో చూడండి. ఎన్‌ఎఫ్‌ఎల్ మైదానంలో సైడ్‌లైన్ నుంచి హ్యాష్ గీతకి (మైదానం లోపల వరుసగా ఉండే చిన్న గీతలు) 70 అడుగుల 9 అంగుళాలు. అక్కడి నుంచి చూస్తున్న నా చూపు గీతకి ఒక్క డిగ్రీ వాలితే, అవతల 15 అంగుళాల తేడా వస్తుంది. ఒక్క డిగ్రీ! క్రికెట్ అంపైర్ రనౌట్‌కి పరిగెత్తి క్రీజుకి ఎదురుగా వెళ్తాడు చూడండి, అదే పని మేమూ చేస్తాం. అయితే అతని క్రీజు ముందే గీసి ఉంటుంది. మాది ఆ సెకనులో పుడుతుంది. ఎదురుగా చేరేలోపే ఆట ముగిసిపోతే, వాలుగా చూసిన దాన్ని మనసులో సరిచేసుకుని కాలు పెట్టాలి.

మూడో సీజన్‌లో నేను చేసిన తప్పు చెబుతాను. కుర్రాడు నా వైపే పడ్డాడు, మోకాలు తాకడం చూశాను. పరిగెత్తుతుండగా వెనక నుంచి కోచ్ ఏదో అరిచాడు, ఒక్క క్షణం తల తిప్పాను. మళ్లీ చూసేసరికి నేల మీద నేను గుర్తుపెట్టుకున్న చోటు పోయింది. కుర్రాడు పడుకుని ఉన్న చోటుని బట్టి కాలు పెట్టేశాను. అవతలి నుంచి వచ్చిన తోటి అధికారి నాకంటే గజం వెనక ఉన్నాడు. దగ్గరున్నది నేనే కాబట్టి నన్ను చూసి తనూ ముందుకు జరిగాడు. గొలుసు తెచ్చి కొలిస్తే బెత్తెడు దాటింది. ఫస్ట్ డౌన్. జనం చప్పట్లు కొట్టారు, కొలత అంత పక్కాగా కనిపించింది మరి. మ్యాచ్ అయ్యాక ఒక తండ్రి ఫోన్‌లో వీడియో చూపించాడు. పెద్దగా ఏమీ అనలేదు, చూపించి వెళ్లిపోయాడు. అది ఇంకా నొప్పి. మా సీనియర్ ఒకాయన ఆ రాత్రి పార్కింగ్‌లో చెప్పిన మాట: "మనిషి పడగానే మనిషిని వదిలెయ్, గడ్డిపోచని పట్టుకో." అప్పటి నుంచి అదే చేస్తున్నాను. కృత్రిమ గడ్డి మైదానాల్లో పోచలన్నీ ఒకేలా ఉంటాయి, అది వేరే ఏడుపు.

ఇంకో నిజం కూడా చెప్పేస్తాను. మొదటి డౌన్‌లో ఎవరికీ పట్టని చోట ఆటగాడు పడితే, చేయి దానంతటదే బంతిని దగ్గర్లోని గీత మీద పెట్టేస్తుంది. నాలుగంగుళాలు అటూ ఇటూ. అప్పుడు ఎవరూ మాట్లాడరు. మూడు డౌన్‌ల తర్వాత అదే బంతి నుంచి అంగుళాలు కొలుస్తారు. పై స్థాయిలో ఈ అలవాటు మా అంత ఉండదు, అక్కడ ప్రతి ఆటా వీడియోలో చూసి మార్కులు వేస్తారు. కానీ అక్కడా పెట్టేది మనుషులే, వాళ్లలోనూ చాలామందికి వేరే ఉద్యోగాలున్నాయి.

ఇక గుట్ట. క్వార్టర్‌బ్యాక్ స్నీక్ అంటే, గజం కావాల్సినప్పుడు అతనే బంతి పట్టుకుని ముందు వరుసలోకి తల దూర్చడం. ఇందులో బంతి కనిపించదు, మోకాలు కనిపించదు, ఇరవై మంది శరీరాల మధ్య హెల్మెట్ ఒక్కటే కనిపిస్తుంది. 2025 జనవరి 26న కాన్సస్ సిటీలో చీఫ్స్, బిల్స్ మధ్య జరిగిన ఏఎఫ్‌సీ (లీగ్‌లో ఒక సగం) ఫైనల్ ఇందుకే గుర్తుండిపోయింది. నాలుగో క్వార్టర్ మొదట్లో బిల్స్ 22-21తో ముందున్నారు. చీఫ్స్ 41 గజాల గీత దగ్గర నాలుగో డౌన్, బిల్స్ క్వార్టర్‌బ్యాక్ జోష్ అలెన్ స్నీక్ చేశాడు. రెండు వైపుల నుంచీ వచ్చిన ఇద్దరి కాళ్లూ ఒకచోట లేవని టీవీలో అందరూ చూశారు. చివరికి తక్కువ దూరమే ఖాయమైంది, రీప్లేలో కూడా మారలేదు. అప్పటికి టీవీ నిపుణుడిగా ఉన్న పై కార్డు రిఫరీ స్టెరటోరే, అలెన్ చేరాడనిపించిందని చెప్పాడు. తర్వాత చీఫ్స్ టచ్‌డౌన్ చేసి 29-22కి వెళ్లారు, మ్యాచ్ 32-29తో గెలిచారు.

నన్ను అడిగితే? అలెన్ చేరాడనే నా మనసు చెబుతుంది. కానీ రీప్లే బూత్‌లో నేనుంటే నేనూ మార్చేవాడిని కాను. ఎందుకంటే అక్కడ అడిగే ప్రశ్న "నీకేమనిపిస్తోంది" అని కాదు, "మైదానంలో ఇచ్చిన తీర్పు తప్పని స్పష్టంగా, అనుమానం లేకుండా కనిపిస్తోందా" అని. బంతే కనిపించని వీడియోలో ఏది స్పష్టం? మన క్రికెట్‌లో అంపైర్స్ కాల్ మీద జరిగే గొడవ లాంటిదే ఇది: అటు చెప్పి ఉంటే అదే నిలిచేది, ఇటు చెప్పారు కాబట్టి ఇదే నిలిచింది. అందుకే మొదట కాలు పెట్టేవాడి అర సెకను అంత ఖరీదైనది. రిఫరీ "కన్ఫర్మ్‌డ్" అంటే సాక్ష్యం దొరికిందని, "స్టాండ్స్" అంటే మార్చడానికి సాక్ష్యం చాల్లేదని. ఈ తేడా గమనిస్తే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది.

ఈగల్స్ జట్టు వాళ్లు తమ క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌ని వెనక నుంచి నెట్టే టష్ పుష్ వచ్చాక ఈ గుట్టలు ఇంకా ఎక్కువయ్యాయి. దాన్ని నిషేధించాలని 2025 మేలో ఓటింగ్ పెడితే 22-10 వచ్చింది, 24 కావాలి కాబట్టి వీగిపోయింది. నిషేధించాలనేవాళ్లు ఎక్కువగా దెబ్బల గురించి మాట్లాడారు. నాకైతే స్పాట్ ఒక్కటే చాలినంత కారణం.

ఇంకొక తమాషా ఉంది, లెక్కలంటే ఇష్టమైనవాళ్లకి. నియమం ప్రకారం కొలవడానికి ముందు బంతి పొడుగు సైడ్‌లైన్‌కి సమాంతరంగా ఉండేలా తిప్పి పెట్టాలి. బంతి పొడవు 11 అంగుళాలు, అడ్డం చుట్టుకొలత 21, అంటే అడ్డకొలత 6.7 అంగుళాల దాకా. ఆటగాడు బంతిని అడ్డంగా పట్టుకుని పడ్డాడనుకోండి. మధ్యబిందువు కదలకుండా తిప్పితే ముందు కొన రెండంగుళాలకు పైగా ముందుకొస్తుంది. ఎవరూ పరిగెత్తకుండానే రెండంగుళాలు! కార్డు మందం గురించి నవ్విన వాళ్లు దీని గురించి ఎప్పుడూ అడగరు.

మరి ముందు ముందు ఏమవుతుంది? శరీర కదలికల్ని కెమెరాలతో పట్టడం ఇప్పటికే ఉంది, మేజర్ లీగ్ బేస్‌బాల్ 2020 నుంచి హాక్-ఐతో ఆ పని చేస్తోంది. కానీ అక్కడ ఆటగాళ్లు విడివిడిగా ఉంటారు. ఒంటరిగా పరిగెత్తి పడేవాడి మోకాలు తాకిన క్షణం, సైడ్‌లైన్ తొక్కిన చోటు, క్వార్టర్‌బ్యాక్ జారిన చోటు, ఇవి కెమెరాలకి అప్పగించే రోజు వస్తుందనే నా నమ్మకం. మాకు కూడా హాయి. గుట్ట కింద మాత్రం కెమెరాకీ నాకూ కనిపించేది ఒకటే, వీపులు. ముందుకు వెళ్లడం ఆగిపోయిందా, ఇంకా తోస్తున్నాడా అన్నది తేల్చడం అసలు కొలత కిందికే రాదు. ఈల వేసేవాడి తీర్పు అది.

ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు ఒక పని చేయండి. ఆట ఆగగానే బంతిని చూడకండి, రీప్లే కోసం ఎదురుచూడకండి. సైడ్‌లైన్ నుంచి వచ్చే ఇద్దరి కాళ్లు చూడండి. ఇద్దరూ నేల మీద నుంచి కళ్లు తీయకుండా, నేరుగా ఒకే గీతలోకి వస్తే ఆ స్పాట్‌ని మీరు నమ్మొచ్చు. ఒకరు రెండోవారి వైపు చూసి అడుగు మార్చారంటే, కొలత ఎంత బాగా వచ్చినా ఆ డౌన్ మీద పందెం కాయకండి.